విమానాశ్రయ భద్రతా తనిఖీ: సిబ్బంది మనోవృత్తి

విమానమెక్కబోవు ప్రయాణికుని శరీరమును, అతని చేతిసంచిని, విమానగర్భమున చేరవలసిన పెట్టెలను, అంతియే గాక విమానాశ్రయమున పనిచేయు వంటవాడు మొదలు ఇంజనీరు వరకు గల ప్రతి ఉద్యోగిని, వారి పనిముట్లను పరీక్షించి, ఆయుధములును ప్రేలుడు పదార్థములును ఇతర ప్రమాదకర ద్రవ్యములును విమానము దరికి చేరకుండ నివారించు వ్యవస్థకు విమానాశ్రయ భద్రతా తనిఖీ యని పేరు. ఎక్స్‌రే యంత్రము, లోహశోధక ద్వారము, చేతితో త్రిప్పు శోధకము, ప్రేలుడు పదార్థముల లేశమును పసిగట్టు పరికరము మున్నగునవన్నియు ఈ వ్యవస్థకు ఉపకరణములు. వాని వెనుక నిలిచి, చూచినదానిని అర్థము చేసికొని, ఆపవలసినవానిని ఆపువాడు మనుష్యుడు. అతడు ఏ మనఃస్థితిలో పనిచేయుచున్నాడు, తాను ఆపినప్పుడు పైవారు తన పక్షమున నిలుతురను విశ్వాసము అతనికి కలదా లేదా అను ప్రశ్నలు యంత్రముల ధరవరలకంటె ముఖ్యమైనవి. ఈ వ్యాసమున వానికే అధిక స్థానమీయబడినది.

ఈ తనిఖీ నేడు విమానాశ్రయము లేని చిన్న పట్టణముల వారికిని పరిచితమే; ఉదాహరణమునకు, ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు పట్టణమునకు విమానాశ్రయము లేదు. 2022 వరకు కృష్ణా జిల్లాలో భాగమై, తెలంగాణ సరిహద్దునకు చేరువగా, విజయవాడ–జగదల్‌పూరు జాతీయ రహదారిపై మామిడితోటల నడుమ నున్న యీ పట్టణపు వారు విమానమెక్కవలెనన్నచో విస్సన్నపేట, నూజివీడు మీదుగా గన్నవరమునకు పోవుదురు. లేదా రాత్రికి రాత్రి బయలుదేరి శంషాబాదు చేరుదురు. గన్నవరము విమానక్షేత్రము రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికావసరములకై ఏర్పడినది. తరువాత పౌర విమానములకు ఉపయోగపడి, 2017 జనవరిలో నూతన టెర్మినల్ భవనమును, ఆ సంవత్సరమే అంతర్జాతీయ హోదాను పొందినది. 2018 డిసెంబరులో ఇచ్చటినుండి సింగపూరునకు విమానము నడచినది. ఒకప్పుడు విమానమును ఆకాశమున చూచి చేయూపిన పల్లెలవారు నేడు తమ పిల్లలను అమెరికాకు సాగనంపుటకు ఈ ద్వారము కడకే వచ్చుచున్నారు. భద్రతా తనిఖీ అనునది వారికి వార్తాపత్రికలలోని విషయము కాదు, కుటుంబానుభవము.

తనిఖీ అంచెలు

భారతదేశపు విమానాశ్రయములలో తనిఖీ భవనపు వాకిటనే ఆరంభమగును. టిక్కెట్టును, గుర్తింపు పత్రమును చూపినగాని లోనికి అడుగిడ వీలులేదు. పాశ్చాత్య దేశములలో బంధుమిత్రులు కౌంటరు వరకు వచ్చి వీడ్కోలు చెప్పుట సామాన్యముకాగా, మనవారు సాధారణముగా అద్దాల తలుపు వెలుపలనే కన్నీళ్ళు తుడుచుకొందురు. పెద్ద పెట్టెలు విమాన సంస్థకు అప్పగింపబడి, ఎక్స్‌రే పరీక్ష ముగిసిన పిదప విమానగర్భమునకు పోవును. ప్రయాణికుడును, చేతిసంచియు వేరొక అంచెకు పోవుదురు. అచ్చట సంచి ఎక్స్‌రే సొరంగమున దూరును; మనిషి లోహశోధక ద్వారము దాటి, సిబ్బంది చేతులలోని శోధకమునకు లోబడును. స్త్రీలను తెరచాటున స్త్రీ ఉద్యోగులే పరీక్షింతురు. కొన్ని సందర్భములలో విమానపు మెట్ల కడ విమాన సంస్థవారు మరియొకసారి తనిఖీ చేయుదురు.

చేతిసంచికి కట్టిన చీటిపై ముద్ర వేయుట మన దేశమున చిరకాలము సాగిన ఆచారము. ముద్ర లేనివానిని మెట్లకడనుండి వెనుకకు పంపిన సంఘటనలు అనేకులకు తెలిసినవే. 2017 ఏప్రిల్ నుండి హైదరాబాదుతో సహా ఏడు పెద్ద విమానాశ్రయములలో ఈ ముద్రను తొలగించిరి. ముద్ర వలన సంచిలోని వస్తువు మారదు. పరీక్ష జరిగినదని ఒక ఉద్యోగి మరియొక ఉద్యోగికి చెప్పు సాక్ష్యము మాత్రమే అది. సాక్ష్యమునే పనిగా భావించు అలవాటు ఏ కార్యాలయమునకైనను సహజమేయైనను, తనిఖీశాలలో అది ప్రమాదకరము.

పూర్వచరిత్ర

ఈ వ్యవస్థలో ప్రతి నియమము వెనుకను ఒక దుర్ఘటన కలదు. 1971 జనవరి 30న శ్రీనగరునుండి జమ్మూకు పోవుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్సు వారి ‘గంగ’ అను ఫోకర్ విమానమును ఇద్దరు యువకులు బొమ్మ తుపాకితోను, ఉత్తుత్తి గ్రెనేడుతోను లాహోరునకు మరలించిరి. 1976 సెప్టెంబరు 10న మరియొక విమానము లాహోరు పాలైనది. తదుపరి నియమింపబడిన పాండే సంఘము సిఫారసుపై 1978 జనవరిలో పౌర విమానయాన భద్రతా విభాగము పౌర విమానయాన డైరెక్టరేటులో ఒక శాఖగా రూపొందినది. అదే సంవత్సరము డిసెంబరులో, ఆ శాఖ పుట్టి ఏడాది తిరుగకముందే, ఇందిరాగాంధీ విడుదలను కోరుచు పాండే అను ఇంటిపేరుగల యిద్దరు యువకులు ఆటవస్తువులతో బెదిరించి లక్నో–ఢిల్లీ విమానమును వారణాసికి త్రిప్పిరి. వారిరువురును అటుపిమ్మట ఉత్తరప్రదేశ్ శాసనసభ్యులైరని చదివినవారు నవ్వవలెనో నిట్టూర్పవలెనో తెలియక తికమకపడుదురు.

1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానము అట్లాంటిక్ మహాసముద్రముపై ప్రేలిపోయి 329 మంది మరణించుటతో నవ్వుటకు తావు లేకపోయినది. వాంకూవరులో ఒక వ్యక్తి తన పెట్టెను పైవిమానమునకు పంపవలెనని పట్టుపట్టగా, వరుసలో నిలిచిన జనము చూచి విసిగిన ఉద్యోగిని నియమమును సడలించినది. పెట్టె పోయినది, పెట్టె యజమాని విమానమెక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రము చెడిపోగా చేతి పరికరముతో పెట్టెలను పరీక్షించిరి. ఆ పరికరము ఒక పెట్టెపై ధ్వని చేసినను, దాని భావమేమని నిలిచి విచారించినవారు లేరు, విమాన సంస్థకు తెలిపినవారును లేరు. ఇక్కడ దుష్టులెవరో వేరుగా నుండగా, ద్వారములకడ నున్నవారు దుష్టులు కారు. తొందరలో నున్నవారు, తమకేమి తెలియవలెనో ఎవరును తెలుపనివారు. ఈ దుర్ఘటన పిమ్మట, ప్రయాణికుడు ఎక్కని పెట్టెను దింపివేయవలెనను నియమమునకు దృఢత్వము వచ్చినది. మన దేశమున భద్రతా విభాగము 1987 ఏప్రిల్ 1 నుండి స్వతంత్ర శాఖ యైనది.

1999 డిసెంబరు 24న కాఠ్‌మాండునుండి ఢిల్లీకి బయలుదేరిన ఐసి-814 విమానమును ఐదుగురు సాయుధులు అపహరించి, అమృతసరు, లాహోరు, దుబాయిల మీదుగా కాందహారునకు చేర్చిరి. వారు ఆయుధములతోనే కాఠ్‌మాండు తనిఖీని దాటిరి. వారము దినములు దేశము నివ్వెరపడి చూచిన పిమ్మట, అంతవరకు రాష్ట్ర పోలీసుల వశమున నుండిన విమానాశ్రయ రక్షణను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగించు పని మొదలైనది. 2000 ఫిబ్రవరిలో జైపూరు ఆ దళము చేపట్టిన తొలి విమానాశ్రయము; నేడు అరువదికి మించిన విమానాశ్రయములు దాని కాపుదలలో నున్నవి.

తెరముందరి మనుష్యుడు

ఎక్స్‌రే తెరపై సేంద్రియ పదార్థములు నారింజ వన్నెలోను, లోహములు నీలిమలోను, మిశ్రమములు ఆకుపచ్చగాను కనబడును. ఆహారము, వస్త్రము, పుస్తకము, సబ్బు, ప్రేలుడు పదార్థము ఇవన్నియు నారింజ వన్నెవే యగుట ఈ విద్యలోని ప్రధాన క్లేశము. చూచువానికి ఒక్కొక్క సంచిపై లభించు వ్యవధి కొన్ని క్షణములు మాత్రమే. దినమునకు వేలకొలది సంచులు దాటును. వానిలో నిజముగా ప్రమాదకరమైనది ఒక్కటియు లేకుండ ఒక ఉద్యోగి పదవీకాలమంతయు గడచిపోవచ్చును.

ఈ అరుదుదనమే పెద్ద శత్రువు. రాళ్ళు విస్తారముగా నున్న బియ్యమును ఏరు గృహిణి కన్ను ప్రతి రాతిని పట్టుకొనును. శుభ్రమైన బియ్యములో ఎక్కడనో దాగిన ఒక్క రాయి పంటి క్రిందికే వచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమున రాడార్ తెరలు చూచు సైనికుల అనుభవమును ఆధారము చేసికొని నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రకటించిన పరిశోధన, అర్ధగంట గడచునప్పటికే మనుష్యుని జాగరూకత సడలునని నిరూపించినది. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందము ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ప్రయోగములలో, వెదకవలసిన వస్తువు సగము చిత్రములలో నున్నప్పుడు సుమారు నూటికి ఏడుసార్లు తప్పిపోగా, నూటికొక్క చిత్రమున మాత్రమే యున్నప్పుడు సుమారు ముప్పదిసార్లు తప్పిపోయినది. కన్నులు అవియే, యంత్రము అదియే. ఎదురుచూపు మాత్రమే మారినది.

ఇందుకు పరిహారముగా రెండు పద్ధతులు ప్రపంచమంతట వ్యాపించినవి. తెరకడ నున్నవానిని కొలది నిమిషములకొకసారి మార్చుచుండుట మొదటిది. యంత్రమే అప్పుడప్పుడు ఒక తుపాకి లేక బాంబు బొమ్మను నిజమైన సంచి చిత్రములో చొప్పించి, ఉద్యోగి పసిగట్టుచున్నాడో లేదో పరీక్షించుట రెండవది. ఈ రెండవ పద్ధతిని ఉద్యోగి శిక్షగా గ్రహించునా, సాధనగా గ్రహించునా అనునది పైవారి ప్రవర్తనపై ఆధారపడును. బొమ్మను గుర్తింపలేకపోయినవానికి సంజాయిషీ కాగితము వచ్చు చోట, ఉద్యోగి బొమ్మల తీరును కనిపెట్టుట నేర్చుకొనునేగాని సంచులను చూచుట నేర్చుకొనడు. మన శాఖలలో తనిఖీ అన్నంతనే దండన స్ఫురించుట పాత అలవాటు.

జీతము తక్కువైనప్పుడు ఏమి జరుగునో అమెరికా చూపినది. 2001 సెప్టెంబరునకు పూర్వము అచ్చట తనిఖీ పని విమాన సంస్థలు నియమించిన ప్రైవేటు గుత్తేదారుల చేతిలో నుండెను. 1998–99లో పందొమ్మిది పెద్ద విమానాశ్రయములలో తనిఖీ సిబ్బంది ఏడాదికి సగటున నూటికి 126 వంతున, సెయింట్ లూయిస్‌లో 416 వంతున మారిపోయిరని ప్రభుత్వ లెక్కల విచారణ తెలిపినది. అనగా ఒక్క కుర్చీలో ఏడాదికి నలుగురైదుగురు కూర్చుండి లేచిరన్నమాట. అదే విమానాశ్రయమున తినుబండారములమ్మువానికి వీరికంటె ఎక్కువ కూలి గిట్టిన చోట్లుండెను. సెప్టెంబరు 11 ఉదయమున హైజాకరులలో కొందరు వాషింగ్టన్ డల్లెస్ లోహశోధకమును మ్రోగించిరి. చేతి శోధకముతో తడిమి వారిని పోనిచ్చిరి. తరువాత ఏర్పడిన కేంద్ర సంస్థ సిబ్బందికి జీతము, శిక్షణ, హోదా పెరిగినవి. అయినను 2015లో మారువేషములతో జరిపిన 70 పరీక్షలలో 67 సార్లు నకిలీ ఆయుధములును బాంబులును తనిఖీని దాటిపోయెనని బయటపడగా, సంస్థ అధిపతిని ఆ పదవినుండి తప్పించిరి.

లోపలివారి సంగతి

ప్రయాణికులపైననే దృష్టి నిలిపిన వ్యవస్థ తన వెనుకనున్నవారిని చూచుట తక్కువ. 2018 అక్టోబరు 25న విశాఖపట్టణ విమానాశ్రయపు వి.ఐ.పి. లాంజిలో, అప్పటి ప్రతిపక్ష నాయకుడు వై.ఎస్. జగన్మోహనరెడ్డిపై అచ్చటి రెస్టారెంటులో పనిచేయు యువకుడొకడు సెల్ఫీ నెపమున సమీపించి, కోడిపందెములలో కోడి కాలికి కట్టు చిన్న కత్తితో భుజమున గాయపరచెను. తెలుగునాట దీనికి ‘కోడికత్తి కేసు’ అని పేరు స్థిరపడినది. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ చేపట్టిన ఆ కేసు చుట్టును అల్లుకొనిన రాజకీయ వాదోపవాదములు ఈ వ్యాసమునకు ప్రసక్తములు కావు. ప్రసక్తమైనది ఒక్కటియే: ఆ కత్తి పట్టినవాడు టిక్కెట్టు కొనిన ప్రయాణికుడు కాడు, ప్రతిదినము పాసు చూపి లోనికి వచ్చు పనివాడు.

వంటశాలకు కత్తి కావలెను, మరమ్మతు చేయువానికి స్క్రూడ్రైవరు కావలెను. వీనిని నిషేధింప వీలు లేదు. కావున పనిముట్లను లెక్క వ్రాసి ఉదయము ఇచ్చి సాయంకాలము తిరిగి పుచ్చుకొనవలెను, పాసు నిచ్చుటకు పూర్వము పోలీసుల ద్వారా నడవడి విచారింపవలెను, ప్రతి ప్రవేశమునను ప్రయాణికునివలెనే ఉద్యోగిని తడిమి చూడవలెను. నియమములు ఈ మాటలు చెప్పుచునే యున్నవి. చిక్కు మరియొకచోట నున్నది. దినమునకు రెండుమూడుసార్లు ఎదురుపడి, “బాగున్నావా తమ్ముడూ” అని పలుకరించి, తన చేతికి టీ అందించు కుఱ్ఱవానిని అనుమానముతో తడుముట మనుష్య స్వభావమునకు కష్టము. పరిచయము కన్నును మూయును. ముఖము చూడక నియమము చూచుట నేర్పుటయే ఇచ్చటి శిక్షణలో సగము.

ఎవరిని ఆపవచ్చును?

ముఖము చూడకుండుట పెద్దల విషయమున మరింత కఠినము. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు మున్నగువారికి తనిఖీనుండి మినహాయింపు నిచ్చు పట్టిక ఒకటి కలదు. మాజీ ముఖ్యమంత్రులు ఆ పట్టికలో లేరు. 2019 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా అధికారము కోల్పోయిన కొలది దినములకే, చంద్రబాబునాయుడు గన్నవరమునుండి హైదరాబాదునకు బయలుదేరగా సిబ్బంది ఆయనను సామాన్య ప్రయాణికునివలె తడిమి, తక్కిన ప్రయాణికులతో బాటు బస్సులో విమానమునకు పంపిరి. జెడ్-ప్లస్ రక్షణగల నాయకునికి అవమానము జరిగినదని ఆయన పక్షమువారు నిరసించిరి. నియమమే నడచినదని ఎదుటివారు వాదించిరి. ఆ రాత్రి ఆ వరుసలో నిలిచిన ఉద్యోగిపై ఎంత బరువు పడినదో ఊహింపవచ్చును: ఆపిన యెడల ఒక పక్షము, ఆపని యెడల మరియొక పక్షము. పట్టికలో పేరున్నదా లేదా అని చూచి ఆపినవానిని పైయధికారి సమర్థింపనినాడు, మరునాడు ఆ ఉద్యోగి ఎమ్మెల్యే అనుచరుని సంచిని సైతము తెరవ సాహసింపడు. తిరువూరువంటి పట్టణముల ప్రయాణికులు దీర్ఘకాలము చూచిన దృశ్యమిదియే: తమ వరుస కదలదు, ప్రక్కనుండి తెల్లచొక్కాలు కదలిపోవుచుండును.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణము 2009 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగినది. మినహాయింపు పట్టికలో నుండిన మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలామును కాంటినెంటల్ విమాన సంస్థ సిబ్బంది తడిమిరి. ఆయన చిరునవ్వుతో సహకరించెను. కోపము దేశమునకు వచ్చినది, సంస్థ క్షమాపణ చెప్పినది. అమెరికా సంస్థ తన దేశపు నియమమును మన దేశపు నియమముకంటె పైదిగా నెంచినది, అది తప్పే. అయినను కలాము వైఖరి అచ్చటి ఉద్యోగులకు పాఠ్యపుస్తకముకంటె ఎక్కువ నేర్పియుండును.

మర్యాదకు సంబంధించిన మరియొక ముఖము కలదు. ‘మయూరి’ చిత్రముతో తెలుగువారికి ఆత్మీయురాలైన నర్తకి సుధాచంద్రన్, విమానాశ్రయములలో తన కృత్రిమ పాదమును మాటిమాటికి ఊడదీయించుచున్నారని 2021 అక్టోబరులో వేదనతో వెల్లడించెను. భద్రతా దళము క్షమాపణ తెలిపినది. కృత్రిమాంగమును ప్రేలుడు పదార్థ శోధకముతో, ఊడదీయకయే పరీక్షింప వీలున్న సందర్భములు పెక్కు. కాని తప్పిపోయినచో శిక్ష తనకు, బాధ ప్రయాణికునికి అని లెక్కించు ఉద్యోగి కఠినమైన మార్గమునే ఎన్నుకొనును. మొరటుదనము పెక్కుసార్లు భయమునకు మారుపేరు.

సంచిలోని సంసారము

తెలుగు ప్రయాణికునికిని తనిఖీ సిబ్బందికిని నిత్యము జరుగు సంవాదములో బాంబుల ప్రసక్తి లేదు, ఊరగాయల ప్రసక్తి కలదు. ద్రవరూప ప్రేలుడు పదార్థములతో విమానములను కూల్చు కుట్ర 2006 ఆగస్టులో లండనులో బయటపడుటతో, అంతర్జాతీయ ప్రయాణములలో చేతిసంచిలోని ద్రవములకు నూరు మిల్లీలీటర్ల పరిమితి వచ్చినది. నూనె తేలు ఆవకాయ ఈ నియమమునకు పూర్తిగా లోబడును. 2018 జూన్ 30 నుండి అమెరికా పోవు విమానములలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులకు ప్రత్యేక పరీక్ష విధింపబడుటచే కందిపొడికిని కారప్పొడికిని గూడ కష్టకాలము వచ్చినది. ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకొను స్వభావముగల పదార్థమని అంతర్జాతీయ వర్గీకరణము చెప్పును. పూజాద్రవ్యమని తెచ్చినవానికి ఈ మాట నమ్మశక్యముగా నుండదు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే యుండవలెను, పెద్ద పెట్టెలో ఉండరాదు. కత్తెర పెద్ద పెట్టెలోనే యుండవలెను. ఒకటి మంటకు, ఒకటి గాయమునకు సంబంధించిన నియమమని వివరించు ఓపిక గల ఉద్యోగి కడ ప్రయాణికుడు తగవు పెట్టుకొనడు. తిరువూరు మామిడికాయతో తల్లి పెట్టిన ఊరగాయను చెత్తకుండలో వేయించుకొని, కారణము తెలియకుండ ముందుకు సాగిన విద్యార్థి, తరువాతి యాత్రలో దానిని దాచుటకే యత్నించును.

అణుశక్తి రంగమున చెర్నోబిల్ ప్రమాదానంతరము ప్రచారములోనికి వచ్చిన భద్రతా సంస్కృతి యను భావన విమానయానమునకును ప్రాకినది. పొరపాటును దాచక చెప్పినవానిని శిక్షింపక, బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యమును మాత్రమే దండింపవలెనని జేమ్స్ రీజన్ వంటి మనస్తత్త్వవేత్తలు ప్రతిపాదించిరి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2021ను భద్రతా సంస్కృతి సంవత్సరముగా ప్రకటించినది. గోడలకంటించిన నినాదములు సులభముగా వచ్చును; రాత్రి రెండుగంటల వేళ, విమానము కదలనున్నదని అందరును తొందరపెట్టుచుండగా, “ఈ సంచి నాకు అర్థము కాలేదు, తెరవవలెను” అని చెప్పిన కానిస్టేబులునకు మరునాడు ఏమి జరిగినదో తెలిసికొనినగాని ఆ సంస్కృతి ఉన్నదో లేదో తెలియదు.

2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగుళూరు, వారణాసులలో మొదలైన డిజియాత్ర పద్ధతి, 2023లో గన్నవరమునకును శంషాబాదునకును వచ్చినది. ముఖమే గుర్తింపు పత్రమగుటచే వాకిటి వరుసలు తగ్గినవి. కాగితము చూచు కన్నుకు పని తప్పినది. సంచిని చూచు కన్నునకును, శరీరమును తడుము చేతికిని మాత్రము ఆ పద్ధతి వలన పని తగ్గలేదు.